ట్రాక్ డేకి ఏ కారు తీసుకెళ్లాలి, తర్వాత దాన్ని ఏం చెప్పి అమ్మాలి? కడప నుంచి బయల్దేరేవారికి

ట్రాక్ మీదికి కారు తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది: మూడేళ్ల తర్వాత ఈ కారు ఎవరి చేతికి పోతుంది, వాళ్లకు ఏం చెప్పి ఇస్తారు? ఇది తేలితే ఏ కారు అన్నది సగం తేలినట్టే. లోను మీద కొని, వారంటీ ఇంకా నడుస్తూ, రేపు షోరూంలో ఎక్స్ఛేంజి ఇద్దామనుకున్న బండికి ఒక దారి. పాత పోలో ఒకటి కొని అరిగిపోయేదాకా తిప్పుదామనుకునేవారికి ఇంకో దారి.

ట్రాక్ డే పోటీ కాదు. మీ కారుతో మూసి ఉన్న ట్రాక్ మీద, అనుభవాన్ని బట్టి చేసిన బ్యాచిలో 15 నుంచి 20 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సెషన్లు తిరుగుతారు. నిర్వాహకులు చెప్పిన చోటే, ముందువాళ్లు దారి ఇచ్చాకే దాటాలి.

ఏ ట్రాక్

కడపకు దగ్గరిది శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. రాజంపేట, రైల్వేకోడూరు, రేణిగుంట, తిరుత్తణి మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకు ఇంకో 200 కలుస్తుంది. అనంతపురం నుంచి కూడా 400 దాటుతుంది. ముందు రోజు సాయంత్రానికే చేరి నిద్రపోండి. తెల్లవారుజామున బయల్దేరి నేరుగా ట్రాక్ ఎక్కితే మూడో సెషన్‌కే తల పనిచేయదు.

కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, 2.1 కిలోమీటర్లు. కడప నుంచి 550 కిలోమీటర్ల పైమాటే. స్ట్రెయిట్లు పొట్టివి కాబట్టి చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు చక్కగా సరిపోతుంది, పెద్ద కారుకు ఊపిరాడదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ట్రాక్ అయిదు కిలోమీటర్ల పైన ఉంటుంది. మనకు దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం, కారును లారీ మీద పంపే స్తోమత ఉన్నవారికే. మొదటిసారి అయితే మద్రాసే. జనవరి నుంచి మార్చి మధ్య చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, ఏప్రిల్ దాటాక ఎండకు కారు, మనిషి ఇద్దరూ ఉడికిపోతారు.

మూడు దారులు

మొదటిది, స్కూలు కారు. చెన్నైలోనూ కోయంబత్తూరులోనూ రేసింగ్ స్కూళ్లు తమ కార్లతోనే నేర్పుతాయి. బ్రేకు ఎక్కడ వేయాలి, చూపు ఎక్కడ పెట్టాలి అన్నవి వేరేవాళ్ల ప్యాడ్ల మీద, వేరేవాళ్ల క్లచ్ మీద నేర్చుకోవడం అన్నిటికన్నా చవక. మీ కారు చరిత్రలో చెప్పుకోవాల్సింది ఏమీ చేరదు. ఏడాదికి ఒక్కసారి సరదా తీరితే చాలనుకునేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు. కొత్తవాళ్లకు మా సలహా కూడా ఇదే.

రెండోది, రోజూ వాడే కారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 (150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు), హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు). ఎన్ లైన్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులు దొరుకుతాయి. వర్టస్‌కు వెనక డ్రమ్ములు, కాబట్టి ముందు ప్యాడ్ల మీద భారం ఎక్కువ. గేర్లు దానంతటదే మార్చుకునే వర్టస్ డీఎస్‌జీలో ఉన్నది డ్రై క్లచ్ గేర్‌బాక్సు. పరుగులో ఉండగా దానికి పెద్ద ఇబ్బంది లేదు. ట్రాక్‌లోకి వదిలేముందు పిట్ లేన్ (ట్రాక్ పక్కన కార్లు ఆగే దారి) వరసలో అంగుళం అంగుళం పాకించినప్పుడూ, నిలబడిన చోట నుంచి ఒక్కసారిగా దూకించినప్పుడూ క్లచ్ కాలుతుంది. వరసలో న్యూట్రల్లో పెట్టి, ముందు బండి నాలుగు బార్లు కదిలాక ఒకేసారి కదలండి. మాన్యువల్ కొనే అవకాశం ఉంటే ట్రాక్‌కు అదే నయం.

మూడోది, ట్రాక్ కోసమే విడిగా ఒక పాత కారు. పోలో జీటీ టీఎస్‌ఐ (1.0 టర్బో, 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు) 2022తో ఆగిపోయినా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, స్పేర్లకూ ఇబ్బంది లేదు. పాత స్విఫ్ట్ అయితే ఊరి షెడ్డులోనే అన్ని పనులూ అవుతాయి. ఏడాదికి మూడు, అంతకు మించి ట్రాక్ డేలు అనుకుంటే లెక్క దీనివైపే మొగ్గుతుంది. అమ్మేటప్పుడు మాట దాచాల్సిన పనే లేదు, ట్రాక్ కారుగానే అమ్ముడుపోతుంది. ఒక్క మెలిక: ట్రాక్ దాకా రోడ్డు మీదే నడుపుకుంటూ పోవాలి కాబట్టి ఆర్‌సీ, పొల్యూషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అన్నీ సక్రమంగా ఉండాలి. సైలెన్సర్ పీకేసి, సీట్లు తీసేసి రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది.

ఇక పోర్షే 718, బీఎండబ్ల్యూ ఎం340ఐ లాంటివి. తట్టుకోవడం వరకూ ఇవి హాయిగా తట్టుకుంటాయి. ఖర్చే వేరు. 1,200 కిలోల కారు 150 వేగంలో మోసే శక్తితో పోలిస్తే 1,700 కిలోల కారు 180లో రెండింతలు మోస్తుంది. బ్రేకులు ఆపాల్సిందీ, వేడిగా మార్చాల్సిందీ అంతే. పైగా షోరూం సర్వీసు కావాలంటే కడప నుంచి బెంగళూరుకో చెన్నైకో పోవాలి. ఏదైనా విరిగితే ఫ్లాట్‌బెడ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

బ్రేకులు: చాలామంది మొదటి రోజు ఇక్కడే ఆగిపోతారు

గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ముందున్న లారీ నుంచి వచ్చే కమురు వాసన కడప వాళ్లకు చెప్పనక్కర్లేదు. ట్రాక్ మీద మీ కారుకూ అదే జరుగుతుంది, కాకపోతే నిమిషానికి నాలుగైదు సార్లు. ముందు మరిగేది బ్రేక్ ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలో తేమను పీల్చుకుంటూ పోతుంది, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది.

మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ బ్రేక్ ఆయిల్ కొత్తగా 312, నీరు చేరాక 205 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఒక లీటరు సరిపోతుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో, అంటే మన కుడి స్టీరింగ్ కార్లలో ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, చివరికి కుడి ముందు చక్రానికి రావాలి. మధ్యలో పైన డబ్బా ఖాళీ కానివ్వొద్దు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే దాన్ని తీయడానికి స్కానర్ ఉన్న షెడ్డు వెతుక్కోవాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మాత్రం పొరపాటున కూడా కలపొద్దు; డాట్ 5.1 వేరు, అది పర్వాలేదు.

ప్యాడ్లలో మందు (డిస్కును రాసుకునే పొర) కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, లేకుంటే మార్చి వెళ్లండి. కొత్త ప్యాడ్లు వేసి నేరుగా ట్రాక్ ఎక్కకూడదు. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు గట్టిగా తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వాలి. ఇది ఘాట్‌లో చేసే పని కాదు.

సెషన్ చివర ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి రండి. లోపలికి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, పెడల్ మీద కాలు పెట్టి నిలబడొద్దు. కాలిన ప్యాడు డిస్కును ఒకే చోట కరుచుకుంటే అక్కడ మందు అంటుకుపోతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది దీన్ని డిస్కు వంగిందని పొరబడి డిస్కులు మార్పిస్తారు. గేర్‌లో పెట్టి చక్రానికి ఒక చెక్క అడ్డం పెడితే చాలు.

మిగతావి, త్వరగా

టైర్లు రోడ్డువే చాలు. చల్లగా 32 పీఎస్‌ఐ పెట్టుకుని వెళ్తే సెషన్ తర్వాత 38, 40 చూపిస్తుంది. వేడిగా ఉండగానే 35 దగ్గరికి దించండి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ డోరు మీది స్టిక్కర్ అంకెకు గాలి నింపుకోవాలి. మరిచిపోతే తిరుగు దారిలో చల్లారి 28కి వచ్చి, తిరుత్తణి దాటాక ఏదో గుంతలో రిమ్ వంగుతుంది. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఎడమ ముందు టైరు బయటి అంచు అన్నిటికన్నా ముందు అరుగుతుంది, అదొక్కటే చూసుకుంటూ ఉండండి.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దాకా ఉండాలి. తక్కువుంటే పొడుగు మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు గాలి అందుతుంది. పెట్రోలు పావు ట్యాంకు కన్నా తగ్గనివ్వొద్దు, కారణం అదే. టర్బో హ్యాచ్‌బ్యాక్ ట్రాక్ మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. 120 కిలోమీటర్లు తిరిగితే 30 లీటర్లు. చక్రాల బోల్టులు ఫోక్స్‌వ్యాగన్‌కు 120 న్యూటన్ మీటర్లు, మిగతా కార్లకు మాన్యువల్లో చూడండి. మొదటి సెషన్ అయ్యి చల్లారాక ఒకసారి మళ్లీ బిగువు చూడాలి. జాకీ కింద పెట్టడానికి ఇంటి నుంచి కడప బండ ముక్క తీసుకెళ్లకండి, బరువు ఒక చోట పడితే పగులుతుంది; మందపాటి ప్లైవుడ్ ముక్క మేలు.

మాన్యువల్ కారు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మూడు నుంచి నాలుగుకు వేయబోయి రెండుకు వేస్తే ఇంజన్‌ను చక్రాలే బలవంతంగా తిప్పుతాయి. ఇంజన్ హద్దు దాటి తిరగకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదే గానీ చక్రాలను ఆపలేదు. వాల్వులు వంగేది అప్పుడే.

ఇన్సూరెన్సు, చట్టం

మన దేశంలో మామూలు కారు పాలసీ తీసి చదవండి. వాడకానికి హద్దులు అన్న చోట ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వీటన్నిటికీ పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ డే పోటీ కాదు కదా అని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఏడెనిమిది లక్షల రిపేరు బిల్లు పెట్టుకోవద్దు. కారు గోడకు తగిలితే క్లెయిము రాదనే అనుకుని దిగండి. లోను ఉంటే ఈఎంఐ మాత్రం ఆగదు. ఈ ఒక్క కారణంతోనే లోను తీరని కారును ట్రాక్‌కు తీసుకెళ్లొద్దని చెప్తాం. కంపెనీ వారంటీల్లోనూ పోటీ వాడకానికి మినహాయింపు ఉంటుంది.

దానికన్నా అర్ధరాత్రి రింగు రోడ్డు మీద చూసుకుందాం అనుకునేవారికి 189వ సెక్షన్ ఉంది: మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ, మళ్లీ దొరికితే ఏడాది, పది వేలు.

అమ్మేటప్పుడు

మన ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వచ్చినవాళ్ల ప్రశ్నలు దాదాపు ఒకటే: సింగిల్ హ్యాండా, ఎంత తిరిగింది, ఎక్కడన్నా గుద్దిందా, పెయింట్ పడిందా, ఇంజన్ విప్పారా. ట్రాక్ ఎక్కిందా అని ఎవరూ అడగరు. అడగలేదు కాబట్టి చెప్పక్కర్లేదా?

చట్టం వరకూ జవాబు 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది, అదీ ఒక గుర్రం ఉదాహరణతో. గుర్రంలో లోపముందని తెలిసీ అమ్మేవాడు వేలంలో ఊరికే ఉంటే అది మోసం కాదు. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అన్నప్పుడు ఊరికే ఉంటే ఆ మౌనం మాటతో సమానం. మన బేరాల్లో చివరికి చెయ్యి కలిపే ముందు "ఇంగేం ల్యాదు గదన్నా?" అని అడగని మనిషి ఉంటాడా? అక్కడ తలూపి ఊరుకున్నారంటే మీరు రెండో గుర్రం దగ్గర నిలబడ్డట్టే.

చట్టాన్ని పక్కన పెడితే మా లెక్క డబ్బుతో ముడిపడింది. మీరు దాచిన సంగతి వల్ల కొన్నవాడి జేబుకు చిల్లు పడుతుందా? వారంటీ మిగిలి ఉన్న కారయితే పడుతుంది. ఇటీవలి తరాల పోర్షేలో ఇంజన్ కంప్యూటర్ రెవ్ లిమిట్ దాటిన సందర్భాలను ఆరు శ్రేణులుగా, ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక జరిగిందో సహా దాచుకుంటుంది. పై శ్రేణుల్లో అంకె కనబడితే గేరు తప్పు పడిందన్నమాట. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మార్చడం) చేసి మళ్లీ పాతది ఎక్కించినా కంపెనీ స్కానింగ్‌లో పట్టుబడితే టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఇంజన్ వారంటీకి ఎసరు. రేపు వారంటీ కోసం షోరూంకి పోయి అక్కడ తెలుసుకునేది మీరు కాదు, కొన్న మనిషి. కాబట్టి రీమ్యాప్, ఓవర్ రెవ్, గోడకు తగలడం, ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ విప్పడం: ఇవి ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పి తీరాలి. ఆయిల్, ప్యాడ్లు సరిగా చూసుకుంటూ ఒకట్రెండు రోజులు తిప్పిన కారు విషయంలో కొందరు చెప్పక్కర్లేదంటారు. ఆ కారుకు నష్టమేమీ జరిగి ఉండకపోవచ్చన్నది నిజమే. అయినా ఆ సంగతి తేల్చుకోవాల్సింది డబ్బు పెట్టేవాడు.

చెప్పే పద్ధతి ముఖ్యం. "అప్పుడప్పుడు కొంచెం స్పీడుగా తోలినాం" అంటే చెప్పినట్టు కాదు. కాగితం మీద ఇలా రాసి సంతకం పెట్టి ఇవ్వండి: "ఈ కారు మద్రాస్ ట్రాక్‌లో మూడు ట్రాక్ డేల్లో, మొత్తం 12 సెషన్లు, సుమారు 330 కిలోమీటర్లు తిరిగింది. ప్రతిసారీ ముందు బ్రేక్ ఆయిల్, తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చాం. ముందు ప్యాడ్లు రెండుసార్లు, డిస్కులు ఒకసారి కొత్తవి వేశాం. రీమ్యాప్ లేదు. ఎక్కడా తగల్లేదు. బిల్లులు జతపరిచాం." ప్రతి ట్రాక్ డే రోజునే తారీఖు, మీటరు అంకె, మార్చిన సామాను ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే ఈ కాగితం రాయడానికి పది నిమిషాలు.

ధర తగ్గించేటప్పుడు ట్రాక్ అన్న పేరుకు గుత్తగా కోత పెట్టక్కర్లేదు. ముందు డిస్కులు, ప్యాడ్లు, టైర్లు, ఆయిళ్లు వేయించడానికి ఎంతవుతుందో కొటేషన్ తీసుకుని అంత తగ్గించండి, లేదా వేయించి బిల్లు చేతిలో పెట్టండి. బ్రేకులు మీరే వేయించి ఇవ్వడం మంచిది, ప్రాణానికి సంబంధించినవి కాబట్టి. టైర్లు మాత్రం ఉన్నవే ఉంచి ధర తగ్గించండి. ఆ అంచు అరుగుదల కొనేవాడు కళ్లారా చూడాలి.

ఎవరికి అమ్మాలన్నదీ ఎంపికే. కారు పిచ్చి ఉన్నవాడికి నేరుగా అమ్మితే బిల్లుల కట్ట విలువ తెలిసి మంచి ధర ఇస్తాడు. బ్రోకరుకో కన్సల్టెన్సీకో ఇస్తే చేతికి డబ్బు త్వరగా వస్తుంది గానీ మీరు చెప్పిన మాట వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఆ కాగితం మీద వాళ్ల సంతకం తీసుకోండి, ఒక నకలు సర్వీస్ పుస్తకంలో అంటించండి. షోరూం ఎక్స్ఛేంజిలో ఫారం మీద అడిగిన ప్రశ్నలకు నిజం రాయండి, అడగని చోట కాగితం జతచేయండి. బంధువులకు, స్నేహితులకు అమ్మడం అన్నిటికన్నా కష్టం. క్లచ్ ఎప్పుడో మామూలుగా అరిగినా నింద ట్రాక్ మీదే పడుతుంది.

మీరే కొనేవారైతే

చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి. డిస్కు మీద నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు, ప్యాడ్లను నొక్కే ఎర్రటి క్యాలిపర్ రంగు గోధుమకు తిరగడం వేడికి గుర్తులు. ఘాట్‌లో రోజూ తిరిగే కారుకూ మచ్చలు రావచ్చు కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. వెనక చక్రాల తొట్టెల లోపలి గుడ్డకు అంటుకున్న నల్లటి రబ్బరు ఉండలు, ముందు బంపర్ దగ్గర టో హుక్ (బండిని లాగడానికి తగిలించే కొక్కెం) మూత చుట్టూ గీతలు, డోర్ల మీద నంబరు స్టిక్కర్ జిగురు మరక: ఇవి రెండు మూడు కలిస్తే అనుమానం బలపడుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్ల తేదీలు కలవకపోతే ఎందుకో అడగండి. ఏపీ 39 వచ్చాక నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. పాత ఏపీ 04 అయితే కడప అని తెలిసేది. అందుకే సర్వీసు బిల్లుల మీద ఊరి పేర్లు చదవండి. ఇంత చూశాక కూడా నోటితో, వాట్సాప్‌లో రాతతో అడగండి: ట్రాక్ ఎక్కిందా, రీమ్యాప్ అయిందా.

బేరం కుదిరాక పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు, లోను తీరి ఉంటే ఫారం 35, వేరే రాష్ట్రానికి పోతుంటే ఫారం 28 కూడా. అదే రాష్ట్రమైతే అమ్మినవారు 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలి. ఆర్‌సీలో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాక్ ఇష్టంతో కొన్న కుర్రాడి చేతికి తాళాలు ఇచ్చి, పేరు మార్పు వచ్చే నెల చూద్దాంలే అనుకోకండి. నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, మీతోనే ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు. మిగిలిపోయిన ట్రాక్ ప్యాడ్లు, సగం డబ్బా బ్రేక్ ఆయిల్ డిక్కీలో ఉంటే ప్యాడ్లు ఇచ్చేయండి, ఆయిల్ పారేయండి. మూత తీసిన డబ్బా తేమ పీల్చి ఉంటుంది.